ఎస్తర్ హౌలాండ్: చేత్తో చేసిన గ్రీటింగ్ కార్డుల కథ



ఈ నెల న్యూస్‌లెటర్‌లో ఒక ప్రముఖ వ్యక్తి జీవితం గురించి రాసే వంతు నాది. రాసేముందు మీ దగ్గర ఒక తప్పు ఒప్పుకోవాలి.

మొన్న మా ఐదో తరగతి పిల్లలకు ఒక యాక్టివిటీ ఇచ్చాను. నానమ్మకో, అమ్మమ్మకో, తాతయ్యకో సొంతంగా ఒక గ్రీటింగ్ కార్డు చేసి సోమవారం తీసుకురమ్మన్నాను. సోమవారం వచ్చిన కార్డులు చూసి నిజంగా ముచ్చటపడ్డాను. బంగారు రంగు అంచులు, క్విల్లింగ్ పూలు, ప్రింట్ తీసి అతికించిన అక్షరాలు. చక్కగా ఉన్న వాటిని ఏరి క్లాసు బయట డిస్‌ప్లే బోర్డు మీద పెట్టాను. లంచ్ టైంలో ఒక బాబు వచ్చి తన కార్డు ఎందుకు పెట్టలేదని అడిగాడు. వాడి కార్డులో గమ్ ఎక్కువై కాగితం ముడతలు పడింది. తాతయ్య అని ఇంగ్లీషులో రాసినచోట ఒక అక్షరం తప్పింది. నేను ఏదో సర్ది చెప్పబోయేలోపే, బోర్డు మీద ఉన్నవన్నీ మమ్మీలు చేసినవే కదా టీచర్ అని మామూలుగా అనేసి ఆడుకోవడానికి వెళ్ళిపోయాడు.

వాడికి చెప్పడానికి నా దగ్గర జవాబు లేదు. నేను మెచ్చుకున్నది ఎవరి పనిని? పక్కన పెట్టింది ఎవరి పనిని? ఆ వారమంతా ఈ ప్రశ్న నన్ను వదల్లేదు. గ్రీటింగ్ కార్డుల గురించి చదవడం మొదలుపెడితే ఎస్తర్ హౌలాండ్ అనే ఆవిడ కనబడింది. ఆవిడ చనిపోయి 120 ఏళ్ళు దాటింది. అమెరికాలో గ్రీటింగ్ కార్డుల చరిత్ర రాసేవాళ్ళు ఆవిడ పేరు తలచుకోకుండా ముందుకు వెళ్ళరు. మీరు కూడా ఆవిడ జీవితం ఒకసారి చదవండి. చివర్లో మళ్ళీ మన పిల్లల దగ్గరికి వద్దాం.

పుస్తకాల షాపు వాళ్ళ అమ్మాయి

ఎస్తర్ 1828 ఆగస్టులో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో, వూస్టర్ అనే ఊళ్ళో పుట్టింది. ఆ ఊరి స్పెల్లింగ్ చూస్తే మీరు వర్సెస్టర్ అని చదువుతారు, నేనూ అలాగే చదివాను. అక్కడివాళ్ళు మాత్రం వూస్టర్ అనే అంటారు. బోస్టన్‌కు పడమరగా సుమారు 70 కిలోమీటర్ల దూరం. 1835లోనే బోస్టన్ నుంచి అక్కడికి రైలు మార్గం వచ్చింది. అప్పటి నుంచి ఊరు వేగంగా పెరిగింది.

నాన్న సౌత్‌వర్త్ హౌలాండ్‌కు ఆ ఊళ్ళో పుస్తకాలు, స్టేషనరీ అమ్మే పెద్ద షాపు ఉండేది. పుస్తకాలు ప్రచురించేవారు కూడా. అమ్మ పేరు కూడా ఎస్తరే. ఆవిడ పొదుపుగా ఇల్లు నడుపుకోవడం గురించి, వంటల గురించి ఒక పుస్తకం రాశారు. దాన్ని ఆ ఇంటివాళ్ళే అచ్చువేశారు. ఆ ఇల్లు ఎలా ఉండేదో ఊహించండి. అమ్మ రాస్తుంది, నాన్న అచ్చు వేయిస్తారు, కొడుకులు షాపు సరుకుల ఆర్డర్ల కోసం ఊళ్ళు తిరుగుతారు. కాగితం, జిగురు, కత్తెర, అచ్చు వాసన మధ్యే ఆ పిల్ల పెరిగింది.

అరవై డాలర్ల చదువు

ఎస్తర్‌ను ఇంట్లోవాళ్ళు మౌంట్ హోల్యోక్ ఫీమేల్ సెమినరీలో చదివించారు. మేరీ లయన్ అనే ఉపాధ్యాయురాలు 1837లో ఆడపిల్లల కోసం స్థాపించిన స్కూలు అది. ఆడపిల్లలకు కుట్లు, అల్లికలు, కాస్త సంగీతం వస్తే చాలనుకునే రోజుల్లో అక్కడ సైన్సు, గణితం తప్పనిసరి సబ్జెక్టులు. చేరాలంటే ప్రవేశ పరీక్ష రాయాలి. ఏడాది ఫీజు 60 డాలర్లు. ఫీజు అందుబాటులో ఉండడం కోసం మేరీ లయన్ ఒక పద్ధతి పెట్టారు. వంట, అంట్లు, ఊడవడం, బట్టలు లాంటి పనులన్నీ విద్యార్థినులే చేసుకోవాలి. ఒక్కొక్కరికీ ఒక్కో పని. ఎవరి పని వాళ్ళు టైముకు పూర్తి చేస్తేనే అందరికీ భోజనం దొరుకుతుంది.

ఫీజు రసీదు పక్కన పెట్టి ఒక్క క్షణం ఆలోచించండి. మన పిల్లల్ని హాస్టల్లో చేర్పించి రోజూ అంట్లు తోమమంటే మనలో ఎంతమంది ఒప్పుకుంటాం? ఎస్తర్ అక్కడ చదివి 1847లో పట్టా తీసుకుంది. పనిని పంచుకుని చేయడం ఆమె అక్కడ రోజూ చూసింది. తర్వాత ఆమె నడిపిన వర్క్‌షాప్ గురించి చదువుతుంటే నాకు ఆ స్కూలు వంటగదే గుర్తొచ్చింది.

ఇంగ్లండ్ నుంచి వచ్చిన ఒక కార్డు

చదువు ముగిసిన రోజుల్లోనే నాన్నకు వ్యాపారంలో తెలిసిన ఒకాయన నుంచి ఎస్తర్‌కు ఒక ఇంగ్లండ్ కార్డు వచ్చింది. అది వాలెంటైన్ కార్డు. ఫిబ్రవరి 14 అనగానే మనలో చాలామందికి కొంచెం ఇబ్బందిగా ఉంటుందని నాకు తెలుసు. ఆ కాలంలో ఇంగ్లండ్‌లో, అమెరికాలో ఆ రోజున స్నేహితులకు, బంధువులకు, పిల్లలకు కూడా శుభాకాంక్షల కార్డులు పంపుకునేవాళ్ళు. మనం ఒకప్పుడు న్యూ ఇయర్‌కో, సంక్రాంతికో గ్రీటింగులు పోస్టు చేసినట్టే అనుకోండి.

ఆ కార్డులో ఆమెను కట్టిపడేసింది లేస్ కాగితం. చూస్తే గుడ్డ మీద అల్లిన లేస్ లాగే ఉంటుంది, కానీ మొత్తం కాగితమే. లోహపు అచ్చు మీద కాగితాన్ని గట్టిగా ఒత్తుతారు. డిజైను ఉబ్బెత్తుగా లేస్తుంది. ఆ ఉబ్బిన చోట్లను మెత్తగా రుద్ది తీసేస్తే చిన్న చిన్న రంధ్రాలు పడి అల్లిక కనిపిస్తుంది. అప్పటికి ఈ పనిలో ఇంగ్లండ్‌వాళ్ళదే పైచేయి. అలాంటి కార్డులు అమెరికాలో దొరకడం తక్కువ, దొరికినా ఖరీదు ఎక్కువ. అమెరికాలో తయారయ్యే కార్డులు దాని పక్కన సాదాసీదాగా ఉండేవి.

ఎస్తర్ ఆ కార్డును దాచుకుని ఊరుకోలేదు. ఇలాంటివి తానూ చేయగలనని, ఇంకా బాగా చేయగలనని అనుకుంది. నాన్నను మెటీరియల్ అడిగింది. ఆయన ఇంగ్లండ్ నుంచి, న్యూయార్క్ నుంచి లేస్ కాగితం, రంగు కాగితాలు, పూల బొమ్మలు తెప్పించి ఇచ్చారు.

నాకు ఆయనలో నచ్చింది ఇదే. కూతురి ఉత్సాహాన్ని చిన్నచూపు చూడలేదు. సెమినరీలో చదివిన పిల్ల కాగితాలు కత్తిరించుకుంటూ కూర్చోవడమేమిటని తీసిపారేయలేదు. కావలసిన కాగితం తెప్పించి ఆమె చేతిలో పెట్టారు. డిజైన్లు ఎస్తర్‌వే.

డజను శాంపిళ్ళు

మొదట ఆమె ఒక డజను కార్డులు చేసింది. ఆమె సోదరుడు షాపు సరుకుల ఆర్డర్ల కోసం ఊళ్ళు తిరగడానికి బయలుదేరుతుంటే, ఈ కార్డులను కూడా వెంట తీసుకెళ్ళమని అడిగింది. మహా అయితే 200 డాలర్ల ఆర్డర్లు వస్తాయని ఆమె ఆశ. సోదరుడు తిరిగొచ్చేసరికి 5,000 డాలర్లకు పైగా ఆర్డర్లు తెచ్చాడని ఆమె జీవితం గురించి రాసినవాళ్ళందరూ చెబుతారు.

ఆ మొత్తం ఎంత పెద్దదో తెలియాలంటే ఆమె స్కూలు ఫీజుతో పోల్చి చూడండి. ఆమె ఆశించిన 200 డాలర్లు మూడేళ్ళ ఫీజు కంటే కాస్త ఎక్కువ. వచ్చిన ఆర్డర్లు 80 ఏళ్ళ ఫీజుకు మించినవి. అప్పటికి ఆమె వయసు ఇరవైకి అటూ ఇటూ.

దీని వెనక ఇంకో కారణం కూడా ఉంది. పిల్లలకు చరిత్ర చెప్పేటప్పుడు ఇలాంటివి వదిలేస్తుంటాం. 1845లో అమెరికా ప్రభుత్వం పోస్టేజీ బాగా తగ్గించింది. 300 మైళ్ళ లోపు మామూలు ఉత్తరానికి 5 సెంట్లే. 1847లో ఆ దేశంలో మొదటి తపాలా బిళ్ళలు వచ్చాయి. 1851కల్లా ముందుగా స్టాంపు అంటిస్తే దూరప్రాంతాలకు కూడా 3 సెంట్లకే ఉత్తరం వెళ్ళే రోజులొచ్చాయి. అప్పటిదాకా కార్డు పంపడం ఉన్నవాళ్ళ ముచ్చట, ఇప్పుడు మామూలు ఇళ్ళకూ అందింది. ఎస్తర్ చేతికి కత్తెర వచ్చిన వేళ, దేశానికి చవక తపాలా వచ్చింది. ప్రతిభకు సరైన సమయం తోడైంది.

ఇంకో మాట కూడా చెప్పాలి. అమెరికాలో ఇలాంటి కార్డులు మొట్టమొదట చేసింది ఎస్తర్ కాదు. ఆమె కంటే ముందు కూడా కార్డులు చేసి అమ్మినవాళ్ళు ఉన్నారు. అమెరికన్ వాలెంటైన్‌కు తల్లి అనే పేరు ఆమెకు తర్వాత వచ్చింది. ఆమె గొప్పతనం మొదటిది కావడంలో లేదు, ఆ పనిని అంత అందంగా, అంత పెద్ద ఎత్తున చేయడంలో ఉంది.

ఇంట్లోనే వర్క్‌షాప్

ఐదు వేల డాలర్ల కార్డులు ఒక్క మనిషి చేతులతో అయ్యే పని కాదు. ఎస్తర్ తన స్నేహితురాళ్ళను పిలిచింది. వాళ్ళ ఇంటి మేడ మీదే పని మొదలైంది. పెద్ద బల్ల వేసి, ఒక్కొక్కరికీ ఒక్కో పని అప్పగించింది. ఒకరు రంగు బొమ్మల్ని జాగ్రత్తగా కత్తిరిస్తారు. ఇంకొకరు అట్ట మీద అడుగు కాగితం అతికిస్తారు. మరొకరు శాంపిల్ ఎదురుగా పెట్టుకుని లేస్, పూలు, బొమ్మలు ఏది ఎక్కడ ఉందో చూసి అచ్చంగా అలాగే పేరుస్తారు. డిజైను ఎస్తర్‌ది. ఏ కార్డూ ఆమె చూడకుండా బయటికి వెళ్ళేది కాదు.

హెన్రీ ఫోర్డ్ కార్ల ఫ్యాక్టరీలో కదిలే అసెంబ్లీ లైను 1913లో వచ్చింది. దానికి అరవై ఏళ్ళ ముందే వూస్టర్‌లో ఒక ఇంటి మేడ మీద కొందరు ఆడవాళ్ళు పనిని ముక్కలుగా పంచుకుని వరసగా చేస్తున్నారు. 1850 ఫిబ్రవరిలో ఊరి పత్రికలో ఆమె కార్డుల ప్రకటన వచ్చింది.

ఇల్లు వదిలి రాలేని ఆడవాళ్ళకు కూడా ఆమె ఒక దారి చూపించింది. ఒక పెట్టెలో శాంపిల్ కార్డు, దానికి కావలసిన కాగితాలు, బొమ్మలు అన్నీ సర్ది బండిలో వాళ్ళ ఇంటికి పంపేది. వాళ్ళు తీరిక చూసుకుని చేసి పెడితే వారం తర్వాత బండి వచ్చి తీసుకెళ్ళేది. పిల్లల్ని చూసుకుంటూ ఇంటి దగ్గరే సంపాదించుకోవాలనుకునే అమ్మలు ఇప్పుడూ మనలో ఎంతమందో ఉన్నారు. వాళ్ళకు ఇది కొత్త విషయమేమీ కాదు. అప్పట్లో ఆడవాళ్ళకు బయట దొరికే పని ఎక్కువగా బట్టల మిల్లులో గంటల తరబడి నిలబడే పని. ఎస్తర్ దగ్గర పని తేలిగ్గా ఉండేదని, కూలి కూడా బాగానే ఇచ్చేదని చెబుతారు.

ఆమె కార్డు ఎలా ఉండేది

ఆమె కార్డుల్ని మీ పిల్లలతో కలిసి ఇంటర్నెట్‌లో చూడండి. వూస్టర్‌లోనే ఉన్న అమెరికన్ యాంటిక్వేరియన్ సొసైటీ అనే పాత పుస్తకాల, కాగితాల భాండాగారంలో ఆనాటి కార్డులు భద్రంగా ఉన్నాయి. చూసేటప్పుడు మూడు విషయాలు గమనించమని పిల్లలకు చెప్పండి.

మొదటిది రంగు. తెల్ల లేస్ కాగితాన్ని తెల్ల అట్ట మీద పెడితే అల్లిక కనబడదు. ఎస్తర్ లేస్ వెనక ఎర్రదో, నీలందో, ఆకుపచ్చదో మెరిసే చిన్న కాగితం ముక్క అతికించేది. ఆ రంగు రంధ్రాల్లోంచి తొంగిచూసి డిజైను ఒక్కసారిగా వెలుగుతుంది. అతి చిన్న ముక్క, ఖర్చు దాదాపు లేదు. కానీ కార్డు రూపమే మారిపోయేది.

రెండోది ఎత్తు. ఆమె కార్డులు బల్లపరుపుగా ఉండవు. కాగితాన్ని జిగ్‌జాగ్‌గా మడిచి చిన్న స్ప్రింగులా చేసి పొరకూ పొరకూ మధ్య అంటించేది. పై పొర కాస్త పైకి లేచి నిలబడేది. చదునైన కాగితం చిన్న గూడులా మారేది. పై పొరను ఎత్తితే లోపల ఇంకో బొమ్మ కనిపించే కార్డులూ చేసేది.

మూడోది మాటలు. ఎస్తర్ చాలా కార్డుల్లో సందేశాన్ని పైన కనబడనివ్వకుండా లోపల చిన్న కాగితం మీద పెట్టేది. తెరిచినవాళ్ళే చదువుకోవాలి. 1879లో ఆమె కంపెనీ 131 సందేశాలతో ఒక చిన్న పుస్తకం కూడా వేసింది. షాపులో కార్డు నచ్చినా అందులోని మాటలు నచ్చకపోతే, ఈ పుస్తకంలోంచి ఇంకో సందేశం ఎంచుకుని కత్తిరించి లోపల అతికించుకోవచ్చు. కార్డు ఎవరో చేసినా, అందులో మాట పంపేవాళ్ళు కోరుకున్నదే ఉండాలని ఆమె ఆలోచన.

ఇక్కడ ఇంగ్లీష్ టీచర్‌గా నాకు ఒక చిన్న అసంతృప్తి ఉంది. 131లోంచి ఎంచుకున్నా ఆ మాటలు ఇంకెవరో రాసినవే కదా. ఎవరి కార్డుకు వాళ్ళే రెండు వాక్యాలు రాసుకుంటే ఎంత బాగుండేది అనిపించింది. మరుక్షణమే, నా క్లాసులో పిల్లలు ఇంటర్నెట్‌లోంచి దించుకొచ్చే సందేశాలు గుర్తొచ్చాయి. 1879 నాటి పుస్తకాన్ని తప్పుపట్టే ముందు నేను చూసుకోవలసింది నా క్లాసునే.

చక్రాల కుర్చీలోంచి కంపెనీ

1866లో ఎస్తర్ మోకాలికి పెద్ద దెబ్బ తగిలింది. అప్పటికి ఆమెకు ముప్పై ఏడో ముప్పై ఎనిమిదో. ఆ తర్వాత చాలాకాలం చక్రాల కుర్చీలోనే గడపాల్సి వచ్చింది. పని మాత్రం ఆపలేదు. కుర్చీలో కూర్చునే డిజైన్లు చేసింది, ఇతరులు చేసినవి సరిచూసింది. 1870లో తన వ్యాపారానికి న్యూ ఇంగ్లండ్ వాలెంటైన్ కంపెనీ అని పేరు పెట్టింది. కొన్నేళ్ళకు పని ఇంట్లోంచి ఊళ్ళోని వేరే భవనానికి మారింది. ఏడాదికి లక్ష డాలర్ల దాకా అమ్మకాలు జరిగాయని చాలామంది రాశారు. ఆమె మొదట్లో ఆశించింది 200 డాలర్లేనని ఇంకోసారి గుర్తుచేసుకోండి.

నాన్న కోసం

1880 వచ్చేసరికి నాన్న ఆరోగ్యం పాడైంది. ఆయన్ని దగ్గరుండి చూసుకోవడానికి ఎస్తర్ వ్యాపారం వదులుకోవాలని నిర్ణయించుకుంది. 1881 ప్రాంతంలో అదే ఊళ్ళో కార్డుల వ్యాపారం చేస్తున్న జార్జ్ విట్నీకి కంపెనీని అమ్మేసింది. ముప్పై ఏళ్ళకు పైగా తన చేతులతో కట్టుకున్న పని అది. అప్పటికి ఆమె వయసు యాభై దాటింది. తన పేరు దేశమంతా తెలిసిన రోజుల్లో తప్పుకుంది.

ఆ నిర్ణయం ఆమెకు సులువుగా అనిపించిందో, బరువుగా అనిపించిందో నేను ఊహించి రాయను. ఒక్కటి మాత్రం చెప్పగలను. ఆమెకు మొదటి కాగితాలు తెప్పించి ఇచ్చింది ఆయనే. ఆయన మంచాన పడ్డప్పుడు పక్కన కూర్చున్నది ఆమే.

ఎస్తర్ పెళ్ళి చేసుకోలేదు. ప్రేమ సందేశాల కార్డులతో పేరు తెచ్చుకున్న మనిషి ఒంటరిగా ఉండిపోయిందని రాసినవాళ్ళు దీన్ని వింతగా చెబుతుంటారు. నాకు అందులో వింతేమీ కనబడలేదు. ఆమె చివరి రోజులు క్విన్సీ అనే ఊళ్ళో గడిచాయి. 1904 మార్చిలో, 75 ఏళ్ళ వయసులో చనిపోయింది.

విట్నీ కంపెనీ యంత్రాలు తెచ్చి లేస్ కాగితాన్ని కూడా తానే తయారుచేసుకుంది. వ్యాపారం బాగా పెరిగింది. రెండో ప్రపంచ యుద్ధంలో కాగితానికి కరువొచ్చి 1942లో మూతపడింది. ఎస్తర్ పేరు మాత్రం నిలిచింది. అమెరికాలోని గ్రీటింగ్ కార్డుల సంఘం 2001లో ఆమె పేరుతో ఒక అవార్డు మొదలుపెట్టింది.

ఈ నెల ఇంట్లో చేసి చూడండి

ఇప్పుడు మళ్ళీ మన పిల్లల దగ్గరికి వద్దాం. ఎస్తర్ కథ అంతా చదివాక నాకు మిగిలింది ఒక చిన్న విషయం. ఆమెకు చేతికి కాగితం అందింది. కత్తిరించి, అతికించి చూసుకునే వీలు దొరికింది. ఆ డజను శాంపిళ్ళు నాన్నే చేసి పెట్టి ఉంటే మిగతా కథ ఉండేదే కాదు. మెటీరియల్ మనం ఇవ్వాలి, పని పిల్లలు చేయాలి. ఈ హద్దును ఆ నాన్న దాటలేదు. మనం, నేను కూడా, తరచూ దాటేస్తున్నాం.

మీరు ఎందుకు దాటుతున్నారో నాకు తెలియనిది కాదు. ఆఫీసు నుంచి ఏడింటికో ఎనిమిదింటికో వస్తారు. అప్పుడు పిల్లలు రేపటికి ప్రాజెక్ట్ అని చెబుతారు. వాళ్ళు చేస్తే పది దాటుతుంది, మనం చేస్తే అరగంట. పైగా అందరివీ బాగుండి మనవాడిదే బాగోకపోతే టీచర్ ఏమనుకుంటారో అని బెంగ. ఆ బెంగను పెంచింది డిస్‌ప్లే బోర్డు మీద చక్కనివే పెట్టిన నాలాంటి టీచర్లే. అందుకే ఈసారి యాక్టివిటీకి ఒక్క రాత్రి కాదు, రెండు వారాలు ఇస్తున్నాను.

కొత్తగా ఏమీ కొనకండి. ఇంట్లో పాత శుభలేఖలు ఉంటాయి. అంత మంచి డిజైన్ల కాగితం ఏ షాపులోనూ దొరకదు. గిఫ్ట్ ప్యాకింగ్ కాగితం, చీర కొన్న పెట్టెలో వచ్చే పలుచటి కాగితం కూడా పనికొస్తాయి. స్టాంపు కావాలంటే బెండకాయను అడ్డంగా కోసి పెయింట్‌లో అద్దితే పువ్వు అచ్చు పడుతుంది. బంగాళాదుంపను సగానికి కోసి ఆకారం చెక్కుకోవచ్చు, చాకు పని మాత్రం పెద్దవాళ్ళదే. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి అంచుల్లో చిన్న చిన్న గాట్లు కత్తిరిస్తే లేస్ తయారు. దాని వెనక ఎర్ర కాగితం ముక్క పెట్టమనండి. అచ్చం ఎస్తర్ చేసినట్టే. సన్నటి అట్ట ముక్కను జిగ్‌జాగ్‌గా మడిచి కింద అంటిస్తే పువ్వు పైకి లేచి నిలబడుతుంది. గమ్ చుక్కలుగానే పెట్టాలి, పూసేస్తే కాగితం ముడతలు పడుతుంది. ఇది మొదటి కార్డులో ఎవరికీ తెలియదు, రెండో కార్డులో చెప్పకుండానే తెలిసిపోతుంది.

లోపల రెండు వాక్యాలు పిల్లలే రాయాలి. తెలుగులోనైనా, ఇంగ్లీషులోనైనా సరే. ఇంగ్లీష్ టీచర్‌గా చెబుతున్నాను, ఈ కార్డులో స్పెల్లింగు తప్పులకు ఎర్ర పెన్ను పట్టను. అమ్మమ్మకు రాస్తుంటే ఆవిడ చేసిపెట్టిన ఏదైనా ఒక్క విషయం గుర్తుచేయమనండి. ఆ కార్డు ఇంకెవరికీ సరిపోకుండా ఉండాలి. కార్డు మంచిదో కాదో నేను ఈసారి దీన్నిబట్టే చూస్తాను. మీ పని పక్కన కూర్చోవడం, అడిగితే కాగితం అందించడం. చేయి దురద పెడితే మీరు కూడా వేరే కార్డు చేసుకోండి, మీ అమ్మగారికి.

చివరిగా ఆ బాబు సంగతి. మరుసటి రోజు బోర్డు మీద కార్డులన్నీ తీసేసి, క్లాసులో అందరివీ పెడదామని మొదలుపెట్టాను. వాడి కార్డు కూడా తీసుకురమ్మన్నాను. తాతయ్యకు ఇచ్చేశానని, మళ్ళీ అడిగితే ఆయన ఇవ్వనంటున్నారని చెప్పాడు. వాడి చోటు ఖాళీగా వదిలి, కార్డు తాతయ్యగారి దగ్గర ఉంది అని ఒక చీటీ అంటించాను. బోర్డు చూడడానికి వచ్చినప్పుడు మీకు ఆ చీటీ కనబడుతుంది.

మీ పిల్లల ఇంగ్లీష్ టీచర్